బకెట్టులో కొరమీను

తాడేపల్లిగూడెం హాస్టల్లో నా రూమ్మేట్‌ది కొల్లేటికోట. సెలవులకి మేమంతా బ్యాగులు సర్దుకుంటుంటే, ఆవిడగారు ముందు బకెట్టు కడిగేది. వదిలి వెళితే తిరిగొచ్చేసరికి ఎవరో ఒకరు పట్టుకుపోతారని భయం. రైల్లో చోటు లేకపోతే దాన్నే బోర్లించి కూర్చునేది. "ఏవండీ, కాస్త జరగండి, మా బకెట్టు కూడా ఉందండి" అని, చంటిపిల్లని వెంటబెట్టుకొచ్చినట్టు అడిగేది.

ఒకసారి దసరా సెలవులయ్యాక ఇద్దరం ఏలూరులో రైలెక్కాం. మధ్యాహ్నం ల్యాబ్ పరీక్ష ఉంది. బకెట్టుకి తడిగుడ్డ కట్టి ఉంది.

"ఏముందే అందులో?" అన్నాను.

"కొరమీను. వార్డెన్ గారికి. బతికున్నదే ఇవ్వమంది అమ్మ."

భీమడోలు దాటాక ఆ కొరమీను గుడ్డ తోసుకుని కిందికి దూకింది. పెట్టెలో అందరూ కాళ్లు సీట్ల మీదికి లాక్కున్నారు. తను సీట్ల కింద పాకుతూ, "కంగారు పడకండి, ఏమీ అనదండి" అని ఒక్కొక్కరికీ చెబుతోంది. నేను చున్నీ పరిచి దారికి అడ్డంగా కూర్చున్నాను. చివరికి ఒక పెద్దాయన తువ్వాలు వేసి చేపని అదిమిపట్టారు.

"ఎవరి తాలూకమ్మా ఇది?"

"మా తాలూకేనండి."

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు కిటికీలోంచి చూస్తే మేం దిగాల్సిన గూడెం స్టేషన్ వెనక్కి వెళ్లిపోతోంది.

నిడదవోలులో దిగి వెనక్కొచ్చే బస్సు కోసం పరిగెత్తాం. పరీక్షకి ఎలాగో అందుకున్నాం గానీ, ఆ పరుగులో ఉండగానే వాళ్లమ్మ ఫోను చేసింది.

"చేరారా?"

"చేప క్షేమంగా ఉందమ్మా" అంది తను రొప్పుతూ. "మేమే కాస్త ముందుకొచ్చేశాం."