ఓటు చీటీ మీద కుట్టు

మా ఊళ్లో ఎన్నికలైన మర్నాడు మా ఆయన ఫోన్ చేసి, "నీ ఓటు కూడా మనోళ్లే ఏసేశార్లే, బెంగెట్టుకోకు," అన్నాడు. నేను కువైట్‌లో మిషను తొక్కుతుంటే నా ఓటు కోనసీమలో పడిపోయిందంటే నవ్వు రాకేం చేస్తుంది? పక్కన కూర్చుని పూసలు కుడుతున్న అపాకి కూడా నవ్వుతూనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సూది ఆపి, "నీ పేరు మీద వేసిందెవరో తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "వేసినవాళ్లకి మాత్రం నువ్వెవరో తెలుసు," అని మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు కాస్త కోపం వచ్చింది. నవ్వుకోవాల్సిన మాటకి పాఠం చెప్పేవాళ్లంటే నాకు మొదట్నించీ పడదు.

సల్వా అనే పేటలో ఒక కువైటీ ఆవిడ ఇంటి వెనక రెండు గదుల్లో మా కుట్టుపని. వీసా మీద ఇంటి పనిమనుషులం, చేసేది ఆవిడ అమ్ముకునే పొడుగు గౌన్లు కుట్టడం. అందుకే మిగతా ఖద్దామాల్లాగే, అంటే పనిమనుషుల్లాగే, మేమూ ఆవిణ్ని మామా అనే పిలిచేవాళ్లం, అమ్మగారూ అన్నట్టు. నాది మిషను పని, అపాది చేతి కుట్టు. అపా అంటే వాళ్ల భాషలో అక్క. నన్ను సింగ్లిం అనేది, చెల్లీ అని. ఇద్దరికీ వచ్చిన కాస్త అరబ్బీ, ఆవిడ హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న నాలుగు ముక్కలు, వీటితోనే మా కబుర్లన్నీ. దారం ఎక్కించిన సూది ఒకటి ఎప్పుడూ ఆవిడ కాలరుకి గుచ్చి ఉండేది. నిద్రలో గుచ్చుకుంటుందని నేను తిట్టేదాన్ని.

ఆవిడ దేశం ఆసియా నడిమధ్యలో, సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు పుట్టిన వాటిలో ఒకటి. పేరు రాయను, ఆవిడ మనుషులు ఇంకా అక్కడున్నారు. దేశం పుట్టిన రోజున ఎవరు ప్రెసిడెంటో అప్పటికీ ఆయనే ప్రెసిడెంటు. పార్లమెంటు ఉందట, మంత్రులున్నారట, కోర్టులున్నాయట, అందరూ ఆయన మొహం చూసి మాట్లాడతారట. జిల్లా పెద్దని కూడా ఆయనే వేస్తాడట. మా ఊరి సర్పంచిని మేమే ఎన్నుకుంటాం, నచ్చకపోతే మళ్లీసారి దింపేస్తాం అని చెబితే నేను గొప్పలు పోతున్నాననుకుంది.

వాళ్ల ఓటు పద్ధతి విన్నాక నాకు మతి పోయింది. మనం నచ్చిన గుర్తు మీద ముద్ర వేస్తాం. వాళ్ల చీటీ మీద ఉండేది ఒకటే పేరు. ఆ మనిషి కావాలంటే చీటీని అలాగే మడిచి పెట్టెలో వేసేయాలి. వద్దనుకుంటే తెర వెనక్కి వెళ్లి ఆ పేరు కొట్టేయాలి.

"మరి తెర వెనక్కి వెళ్తేనే అందరికీ తెలిసిపోతుందిగా?" అన్నాను.

"తెర కట్టింది అందుకేగా," అంది.

అపా వాళ్ల ఊరి బళ్లో టీచరుగా చేసింది. అక్కడా ఎన్నికలు బళ్లోనే, బల్ల దగ్గర కూర్చునేది టీచర్లే. ఒకసారి ఆవిడ బల్ల దగ్గరున్నప్పుడు వాళ్ల నాన్న వచ్చాడట. రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి. కూతురి చేతిలోంచి చీటీ తీసుకుని, పెట్టె పక్కనుంచే నడిచి, తిన్నగా తెర వెనక్కి వెళ్లాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కూతురి మొహం వైపు చూశారు. సాయంత్రం లెక్కపెట్టేటప్పుడు ఆ చీటీ తిరిగి ఆవిడ చేతికే వచ్చింది. పేరు మీద అడ్డంగా పెన్సిల్ గీత. పక్కన పిల్లల రబ్బరు ముక్క ఉంది. చెరిపేసింది, పొట్టు ఊదేసింది, చీటీని మిగతావాటిలో కలిపేసింది.

"ఉద్యోగం పోతుందని భయం. ఆయన్ని పట్టుకుపోతారేమోనని కూడా," అంది. "కానీ కాపాడమని ఆయన నన్ను అడగలేదు, సింగ్లిం."

ఆయన పోయేదాకా ఆ మాట తండ్రీకూతుళ్ల మధ్య రాలేదట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు. ఒక చేతి పట్టీ చుట్టూ పూసలు కుట్టేసింది.

ఆ ఏడు రంజాన్ ఇంకో నెలుందనగా వాళ్ల దేశంలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. కువైట్‌లో ఉన్నవాళ్లు ఆదివారం నాడు ఎంబసీకి వచ్చి ఓటు వేయవచ్చన్నారు. అపా వెళ్తానంది. వెళ్లి తెర వెనక్కే పోతానంది. వద్దన్నాను. ఎందుకంటే ఆవిడ పాస్‌పోర్టుకి ఇంక మూడు నెలలే గడువుంది. కొత్తది ఇవ్వాల్సింది అదే ఎంబసీ, అదే కిటికీ. పాస్‌పోర్టు లేకపోతే ఇఖామా లేదు, ఉండనిచ్చే ఆ కార్డు లేకపోతే విమానం ఎక్కించేస్తారు. అక్కడ ఆవిడ కూతురు నర్సు చదువు సగంలో ఉంది, తల్లి పంపితేనే సాగేది.

"నీ ఒక్కదాని గీతతో ఆయన దిగిపోతాడా?" అన్నాను.

"దిగడు."

"మరి ఎవరి కోసం ఈ వేషాలు?"

"నేను చెరిపిన గీత ఒకటుంది. దాన్ని మళ్లీ గీయాలి."

ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే ఆవిడతో కలిసి మామా దగ్గరికి వెళ్లాను, ఎందుకంటే ఒక్కర్తినీ వదలడం నాకు చేత కాలేదు.

మా పాస్‌పోర్టులన్నీ మామా ఇనప్పెట్టెలో ఉండేవి. కువైట్‌లో ఆదివారం పనిరోజే. రంజాన్ ఆర్డర్ల మధ్యలో సెలవు అడిగేసరికి ఆవిడ కళ్లెర్రజేసింది. దేనికంటే ఓటుకన్నాం. మామా కాసేపు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నాకే ఓటు లేదు," అంది. అప్పటికింకా కువైట్‌లో ఆడవాళ్లకి ఓటు ఇవ్వలేదు. "మా ఇంట్లో ఉన్నది మగాళ్లకే. నా దగ్గర పనిచేసేదానికి ఉందా?"

అపా తల ఊపింది. మామా లేచి ఇనప్పెట్టె తీసింది. పాస్‌పోర్టు చేతికిస్తూ, "సాయంత్రం అసర్ నమాజు వేళకి ఇక్కడుండాలి. రాకపోతే దీని సెలవులన్నీ ఖలాస్," అని నా వైపు వేలు చూపించింది. సరే మామా, జామీను నేనే అన్నాను.

ఆదివారం మమ్మల్ని మామా డ్రైవరే తీసుకెళ్లాడు. రాయచోటి భాయ్. మా ఇద్దరి ముస్తాబూ అద్దంలో చూసి, "ఓటెయ్యను పోతాండారా మా? ఎవురెవురు నిల్చుకున్నారు?" అన్నాడు.

"చీటీ మీద ఒకటే పేరంట భాయ్."

"ఒకటే పేరైతే ఇంత దూరం పోయేదెందుకు మా? ఫోన్ జేసి ఊ అంటే సరిపాయె గదా," అన్నాడు. ఆ మాట అపాకి హిందీలో చెబితే, దార్లో మొదటిసారి నవ్వింది.

ఎంబసీ అంటే ఒక విల్లా, అంతే. మెట్ల దాకా ఎర్ర తివాచీ పరిచారు. పాటలు పెట్టారు. పెరట్లో పెద్ద డేగిశాలో మాంసం, క్యారెట్ తురుము వేసిన పలావు ఉడుకుతోంది. మా ఊళ్లో ఓటుకి ముందే పెడతారు, వీళ్లు వేశాక పెడుతున్నారు, నమ్మకం తక్కువ కాబోలు అనుకున్నాను. బ్యాగులు గుమ్మం దగ్గరే పెట్టించేశారు. నేను వాళ్ల మనిషిని కాను కాబట్టి తలుపు పక్కన కుర్చీ వేశారు. అక్కడికి హాలంతా కనిపిస్తోంది.

బల్ల వెనక ముగ్గురు. చివర కూర్చున్న బట్టతల ఆయన పాస్‌పోర్టులు చూసి చీటీలిస్తున్నాడు. వచ్చినవాళ్లు చీటీ తీసుకుంటున్నారు, మడుస్తున్నారు, పెట్టెలో వేస్తున్నారు, పలావు దగ్గరికి పోతున్నారు. ఒకాయన నాలుగు పాస్‌పోర్టులు చూపించి నాలుగు చీటీలూ తానే వేశాడు, ఇంట్లోవాళ్లందరివీనట. మా ఆయన మాట గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. హాలు మూలన ఆకుపచ్చ మఖ్మలు తెర ఉంది. దాని ముందు, సరిగ్గా మనిషి దూరే చోట, పెద్ద పూలకుండీ పెట్టి ఉంచారు.

అపా చీటీ తీసుకుంది. పెట్టె దాటింది. కుండీ దగ్గర ఆగి, వంగి, రెండు చేతులతో దాన్ని పక్కకి జరిపింది. ఆ రాపిడికి హాల్లో మాటలాగిపోయాయి. పాట మాత్రం మోగుతూనే ఉంది. తెర నేల దాకా లేదు, ఆవిడ నల్ల చెప్పులు కనిపిస్తున్నాయి. ఒక గీత గీయడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పులు కదలవు. ఒక హుక్కు కుట్టేంతసేపు గడిచింది. బల్ల దగ్గర ఒకడు లేచి నిలబడ్డాడు. నాకు తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకున్నాను. అప్పుడు బయటికొచ్చింది, మడిచిన చీటీ పెట్టెలో వేసింది, కుండీని మళ్లీ యథాస్థానానికి జరిపి నా దగ్గరికొచ్చింది.

పోదాం పద అన్నాను. "పలావు తిని పోదాం," అంది. "బియ్యం మావి. ఆయనవి కావు." తిన్నాం. ఆవిడ పళ్లెం ఖాళీ చేసింది.

కారెక్కాక చూశాను, కాలరుకున్న సూదికి దారం లేదు. పొద్దున జానెడు ఎర్ర దారం ఉండాలి, మిర్కాబ్ బజార్లో మేమిద్దరం బేరమాడి కొన్న ఉండలోది. నేను చూడటం చూసి తనే చెప్పింది.

"పెన్ను బ్యాగులో ఉండిపోయింది. లోపల పెన్సిల్ పెట్టారు, దారం కట్టి మరీ. పెన్సిల్ గీత ఏమవుతుందో నాకు తెలుసుగా. పేరు మీద కుట్టు వేశాను. ఈ చివర్నించి ఆ చివరికి."

"కుట్టు మాత్రం విప్పలేరా?"

"బట్ట మీద కుట్టు విప్పి, నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే చిల్లులు పూడిపోతాయి. కాగితం మీద పూడవు, సింగ్లిం. దర్జీదానివి, నీకు నేను చెప్పాలా?"

అసర్ వేళకి ముందే పాస్‌పోర్టు మామా చేతిలో పెట్టాం.

వారం తిరక్కుండానే ఫలితం వచ్చింది. ప్రెసిడెంటు ఆయనే. కువైట్ ఎంబసీలో పడిన ఓట్లన్నీ ఆయనకే అని నోటీసు బోర్డులో పెట్టారట, ఒక్కటీ తక్కువ లేకుండా. అది విన్న రోజు అపా బాగానే ఉన్న ఒక గౌను చేతి కుట్టంతా విప్పి మళ్లీ కుట్టింది.

తర్వాత పాస్‌పోర్టు కోసం తిరగడం మొదలైంది. దరఖాస్తు తీసుకున్నారు, తర్వాత రమ్మన్నారు. వెళ్తే మళ్లీ తర్వాతే. రంజాన్ వచ్చింది, ఈద్ వెళ్లింది. గడువు దగ్గరపడేకొద్దీ నాకు నిద్ర కరువైంది. ఆవిడ మీద కోపం, ఆవిడ దేశం మీద కోపం, ఆ పూలకుండీ మీద మరీ కోపం. పెట్టె సర్దుకోమంటారేమోనని రోజూ భయపడేదాన్ని. అపా మాత్రం నాకు పూసల పని నేర్పడం మొదలుపెట్టింది. తను పోతే చెయ్యడానికి మనిషుండాలట. నేర్చుకోను పొమ్మన్నాను. నేర్పేదాకా ఊరుకోలేదు.

ఇంకో తొమ్మిది రోజులే గడువుందనగా రమ్మని కబురొచ్చింది, ఇద్దరం వెళ్లాం. కిటికీలో ఆ రోజు బల్ల చివరున్న బట్టతల ఆయనే ఉన్నాడు. మొహంలో ఏమీ లేదు. కొత్త పాస్‌పోర్టు ముందుకి తోసి ఏదో అన్నాడు. పేజీలన్నీ సరిచూసుకోమన్నాడని మెట్లు దిగుతుంటే అపా చెప్పింది.

కార్లో కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. మధ్యలో ఒక చోట ఆగిపోయింది. రెండు ఖాళీ పేజీల మధ్య జానెడు ఎర్ర దారం, మా ఉండలోదే. కుట్టు విప్పిన దారం తిన్నగా ఉండదు, వంకరలు పోతుంది. ఆ వంకరలు చూస్తే ఎన్ని పోట్లు వేసిందో లెక్కపెట్టొచ్చు.

"విప్పేశాడు," అంది. "లెక్కపెట్టేటప్పుడు ఇతని చేతికే వచ్చుంటుంది. నేను చేసిందే ఇతనూ చేశాడు."

అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లలో ఆవిడ ఏడవడం చూసింది ఆ ఒక్కసారే. నేను చెయ్యి పట్టుకున్నాను. భాయ్ ఏసీ తగ్గించి కారు పక్కకి ఆపాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని దారాన్ని వేలికి చుట్టుకుంది. "నేను పొట్టు ఊదేశాను, సింగ్లిం," అంది. "ఇతను పారేయలేదు."

ఆవిడ ఇంకో నాలుగేళ్లు సల్వాలోనే కుట్టింది, కూతురు నర్సయ్యేదాకా. దారం పాస్‌పోర్టులోనే ఉండేది. నేను అంతకు ముందే ఇంటికొచ్చేశాను.

వచ్చాక మొదటి ఎన్నికల రోజు. మా ఊరి బళ్లో వరసలో నిలబడి నా వంతు వచ్చేసరికి, లిస్టులో నా పేరు పక్కన అప్పటికే టిక్కు పడి ఉంది. "మీ ఓటు పడిపోయిందండి," అన్నాడు అక్కడున్న మాస్టారు. వెనక ఎవరో, "పోన్లే వదినా, మనోళ్లే ఏసుంటారు," అన్నారు. నలుగురు నవ్వారు. ఒకప్పుడైతే నేనూ నవ్వి ఇంటికి పోయేదాన్నే.

జాకెట్టు మెడ దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. అక్కడ సూదేమీ లేదు, అలవాటు అపాది. నా పేరు మీద ఇంకొకళ్లు వేస్తే నాకు వేరే చీటీ ఇవ్వాలని రూలుంది, ఇచ్చేదాకా కదలనని బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన వచ్చి లెమ్మన్నాడు, లేవలేదు. పార్టీవాళ్లొచ్చి బతిమాలారు, లేవలేదు. చివరికి మాస్టారు పుస్తకం తీసి, పేజీలు తిరగేసి, నిట్టూర్చి, చీటీ ఇచ్చాడు. ముద్ర వేసి తెచ్చిస్తే కవర్లో పెడుతూ, "ఇది లెక్కలోకి రాదమ్మా. సీలేసి ఉంచుతాం, అంతే," అన్నాడు.

"ఉంచండి మాస్టారూ," అన్నాను. "పారేయకండి, చాలు."