పాలు పడవంటే వ్రతమనుకున్నారు: బామ్ని నుంచి జివతి దాకా

మా ఇంట్లో ఇంటర్వ్యూ దాకా వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నాన్న బొగ్గుగనిలో పనిచేస్తాడు. అమ్మ నా పలక మీదే సంతకం నేర్చుకుంది. జివతి గుట్టల్లో గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ఒక ఆశ్రమశాలలో టీచర్ ఉద్యోగానికి పిలిచినప్పుడు, సోమవారం పన్నెండింటికి హాజరు కావాలన్న వాక్యాన్ని నాన్న నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. నా భయం మాత్రం దారిలో తిండి గురించి. నాకు పాలు పడవు. కొందరికి పెరుగు, మజ్జిగ ఇబ్బంది పెట్టవు. నాకు అవీ పడవు. గంట తిరగకముందే కడుపు ఉబ్బి మెలిపెడుతుంది. రొట్టెలు కట్టుకుందామంటే ఆ రోజు పొద్దున్నే గ్యాస్ అయిపోయింది.

బామ్నిలో ఆరున్నరకు బస్సెక్కితే వర్ధా వంతెన దాటి ఏడింటికల్లా రాజురా. అక్కడి నుంచి ఇంకో బస్సులో గడ్‌చాందూర్. ఆడవాళ్ళకు సగం టికెట్టే కాబట్టి బస్సు దొరికితే వదలకండి. నాకు జివతి బస్సు తప్పిపోయి, జీపులో ఇరుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. ఘాట్ ఎక్కేముందు డ్రైవర్ అందరికీ చాయ్ చెప్పించాడు. మన తెలుగాయనే. నేను వద్దంటే ఎందుకని అడిగాడు, చెప్పాను.

"పాలు తాగకుంటే బొక్కలెట్ల గట్టిపడ్తయి చెల్లె?"

"నువ్వు రోజుకెన్ని గ్లాసులు తాగుతవే అన్నా?"

"నాకేడివి? పిల్లలకే సరిపోవు."

జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నా పొట్ట గురించి తీర్పు చెప్పే హక్కు ప్రతి మనిషికీ ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పది దాటాక జివతిలో దిగాను. బస్టాండు పక్కన ఒక మరాఠీ మావ్శీ, అంటే పిన్ని వరసావిడ, ఇంట్లోనే మెస్ నడుపుతోంది. 'మలా దూధ్ చాలత్ నాహీ' అని ముందే చెప్పాను. మన 'పడదు'ను మా బామ్నిలో అందరం మరాఠీలో అలాగే అంటాం. ఆమె భక్తిగా తల ఊపి, సామబియ్యపు అన్నం, పల్లీల పులుసు పెట్టింది. శ్రావణ సోమవారం కదా, అందరికీ అదే ఉపవాసపు వంటేమో అనుకున్నాను. పులుసు పుల్లగా, కమ్మగా ఉంది. రెండోసారి వేయించుకున్నాక, పులుపు దేనిదని అడిగాను. తాక్, అంటే మజ్జిగ, అంది.

కంచం పక్కకు జరిపాను. పాలు వద్దన్నాను కదా అంటే ఆమె నన్నే వింతగా చూసి మరాఠీలోనే అంది.

"దూధ్ అన్నవ్, తాక్ అనలే కద పోరీ. శ్రావణంల పాలు విడిచినవనుకున్న."

అప్పుడు తెలిసింది. 'చాలత్ నాహీ' అంటే ఆమెకు వ్రతనియమం. దేవుడి కోసం పాలు మానేశాననుకుని నియమంగా వండి పెట్టింది. నా ఒంటి కోసం మానేశానంటే మాత్రం, పాలు అరగనివాళ్ళుంటారా అని నవ్వింది. మజ్జిగ పాల నుంచి కాక ఆకాశం నుంచి పడుతుందా అనుకున్నాను.

పదకొండున్నరకు బడికి చేరేసరికి కడుపులో మొదలైంది. పన్నెండింటికి నా పేరు పిలిచినప్పుడు నేను మరుగుదొడ్డిలో ఉన్నాను. బయటికి వచ్చేసరికి గుమాస్తా నా పేరు పక్కన గైర్హాజరు అని రాసేశాడు. రేపు ఫోన్ చెయ్యమన్నాడు. నేను కదల్లేదు. ఇంటర్వ్యూకొచ్చిన మిగిలిన నలుగురూ లోపలికి వెళ్ళి వచ్చేదాకా ఆ తలుపు దగ్గరే, గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి లోపల ఇంటర్వ్యూ చేస్తున్న మేడమే చూసి రమ్మంది.

ఉపవాసం చేసి నీరసించావా అని అడిగిందామె. కాదు, పాలు అరగవు, పొరపాటున మజ్జిగ పోసిన పులుసు తిన్నానని చెప్పాను. పక్కనున్న పెద్దాయన పెన్ను కింద పెట్టాడు.

"ఇంత నాజూకు పొట్టతో ఈ గుట్టల్లో ఎలా పనిచేస్తావమ్మా?"

నా పొట్ట నాజూకు కాదు సార్ అన్నాను. జొన్నరొట్టె, పచ్చిమిరప ఠేచా పచ్చడి ఎంత పెట్టినా అరిగించుకుంటుంది. అయిదో తరగతిలో హాస్టల్ వార్డెన్ నా ముందు నిలబడి రోజూ పాలగ్లాసు ఖాళీ చేయించేది. తర్వాత నేను కడుపు పట్టుకుంటే చదువు ఎగ్గొట్టే నాటకం అనేది.

"మీ బడిలో అట్లాంటి పిల్ల ఉంటే, నేనైతే నాటకం అనను సార్."

పది నిమిషాలు లెక్కలు, మరాఠీ అడిగి పంపారు. ఫలితం ఇంకా రాలేదు.

ఉద్యోగం వస్తే సంతోషమే. రాకపోయినా, ఆ గదిలో నా ఒంటి గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం నాకు అదే మొదటిసారి. ఎన్నోసార్లు ఎవరో నొచ్చుకుంటారని గ్లాసు అందుకుని, చాటుకు పోయి బాధపడ్డాను. ఆ మర్యాద ఎవరికి పనికొచ్చింది? ఈ దారిలో వెళ్ళే నాలాంటివాళ్ళకు ఒక్క మాట: మరాఠీలో 'చాలత్ నాహీ' అనకండి, 'పచత్ నాహీ', అంటే అరగదు, అనండి. పాలు, పెరుగు, తాక్, ఖోవా అని ఒక్కోటీ పేరు పెట్టి, పొయ్యి మీద గిన్నె పెట్టకముందే చెప్పండి.