వనభోజనాల ఫోటోలో విజయశ్రీ లేదు

తిరుపతయ్యగారి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. మనిషి మాట్లాడరు, ఊరికే చూస్తుంటారు. కరీంనగర్ జిల్లాలో ముప్ఫై ఏళ్ళు సర్వేయరుగా పనిచేసి, ఎవరెవరివో పొలం గట్ల తగాదాలన్నీ తీర్చి, రిటైరయ్యాక అమెరికాలో, మోరిస్‌విల్‌లో కూతురు విద్య దగ్గర స్థిరపడ్డారు. మిగతా పెద్దవాళ్ళు పొద్దున వాకింగ్, మధ్యాహ్నం సీరియల్ అని కాలం గడుపుతుంటే ఈయన లైబ్రరీలో కూర్చుని ఫొటోషాప్ నేర్చుకున్నారు. అరవై ఆరేళ్ళ వయసులో!

కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా ఫోటోలు తీస్తారు. ఒక ఫోటో చివర పడింది తర్వాతి ఫోటో మొదట్లో మళ్ళీ పడాలట. ఆనక కంప్యూటర్లో వాటిని ఒకదాని మీదికి ఒకటి జరిపి, అన్నీ కలిపి బారెడు ఫోటో చేస్తారు. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేరు. "అతుకు కనబడకుండా చేసే మనిషిని ఎలా నమ్మడం?" అని మా ఆయన భాస్కర్‌తో అన్నాను. ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

2008 కార్తీక వనభోజనాలకు చెరువు పక్క పార్కులో అరవై ముగ్గురం చేరాం. భోజనాలయ్యాక అందరినీ అర్ధచంద్రంలా నిలబెట్టి తిరుపతయ్యగారు ఏడు ఫోటోలు తీశారు. "అయ్యేదాంక ఎవ్వలు కదలకుండ్రి" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు కూడా.

విజయశ్రీని ఆ రోజు నేనే బతిమాలి నా కారులో తీసుకెళ్ళాను. ఆ వేసవిలో ఆమె భర్త నుంచి విడిపోయి వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంది. అప్పటి నుంచి మన ఆడవాళ్ళు ఆమె ఎదురైతే నవ్వుతారు గానీ ఇంటికి పిలవరు. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. "ఎవరేమనుకుంటే నీకేంటి, నాతో రా" అన్నాను.

రెండు వారాలకు, వనభోజనాలకు వచ్చిన ఇరవై ఇళ్ళకూ తలా ఒక ఫోటో వచ్చింది. నాలుగడుగుల పొడవు, ముచ్చటగా ఉంది. ఆ సాయంత్రమే విజయశ్రీ ఫోన్.

"అక్కా, ఫోటోలో నేను లేను."

కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క తల మీదా వేలు పెట్టి చూశాను. నిజంగానే లేదు!

"ఆఫీస్‌లో డాలస్‌కి ట్రాన్స్‌ఫర్ ఇస్తామంటున్నారు. ఇన్నాళ్ళూ హోల్డ్‌లో పెట్టాను. సోమవారం యస్ చెప్పేస్తా. ఇక్కడ నాకెవరున్నారక్కా?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. సోమవారం దాకా ఆగు, నిన్ను తీసేసిన వాళ్ళ సంగతి నేను తేలుస్తాను" అన్నాను.

ఫోటోను మళ్ళీ దీపం కిందికి తెచ్చాను. అందరి నీడలూ గడ్డి మీద పడ్డాయి. మా వరసలో ఒకచోట నీడ ఉంది, మనిషి లేదు. అమ్మ దొంగా! విజయశ్రీ భర్తదీ విద్యదీ ఒకే ఆఫీసు. కూతురు చెప్పి ఉంటుంది, తండ్రి చెరిపేసి ఉంటాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

శనివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. విద్య ఇంట్లో లేదు. ఫోటో టేబుల్ మీద పరిచి, "విజయశ్రీని మీరే తీసేశారు కదూ?" అని అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారేమోనని కళ్ళార్పకుండా చూశాను.

"ఔ బిడ్డా, నేనే తీసిన" అన్నారాయన.

"ఎవరు చెప్పారు? విద్యేనా?"

"ఎవ్వలు చెప్పలే. కూసో."

కంప్యూటర్ తెరిచి మూడో ఫోటో, నాలుగో ఫోటో పక్కపక్కన పెట్టారు. మూడో దాంట్లో విజయశ్రీ ఉంది. ఆమెకు వీపు చూపిస్తూ, ఒక అడుగు ముందుకేసి, పక్కకు వెళ్ళిపోతున్న మనిషిని నేను. నాలుగో దాంట్లో మా స్నేహితురాలు సుధ కుటుంబం మధ్య పళ్ళికిలించి నవ్వుతున్నాను. అప్పటికే విజయశ్రీ వరసలోంచి తప్పుకుంది; ఆమె నిలబడిన చోట ఖాళీ గడ్డి.

"మిషిన్ కలిపితె నువ్వు రెండుసార్లు పడ్డవు. ఏదన్న ఒక్కటి తియ్యాలె గద. మూడో దాన్ల ఆ పిల్ల మొహం జూడు. ఆ మొహం ఇరవై ఇండ్లల్ల గోడలకెక్కాల్నా? అందుకే తీసిన. నీడ మాత్రం మర్శిపోయిన."

చూశాను. ఆమె కెమెరా వైపు చూడటం లేదు. నా వీపు వైపు చూస్తోంది. ఏడుపుకు ముందు పిల్లల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. "రాధా, ఇటొచ్చెయ్, మా పక్కన చోటుంది" అని సుధ పిలిచింది. వెళ్ళాను. చోటు కోసం కాదు. విజయశ్రీ పక్కన నిలబడితే ఇరవై ఇళ్ళలో నన్ను ఆమెతో కలిపి చూస్తారని వెళ్ళాను. ఛీ! ఆ మాట ఆ రోజు నాకు నేను కూడా చెప్పుకోలేదు. తిరుపతయ్యగారు మరో ప్రశ్న అడగకుండా మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆ గ్లాసు అందుకోవడానికి కూడా సిగ్గేసింది.

బయటికొచ్చి కారులో కూర్చుని ఫోన్ చేశాను.

"విజయా, ఆ రోజు నేను సుధ దగ్గరికి..."

"తెలుసక్కా."

"తెలుసా?"

"నేనక్కడే ఉన్నాను కదక్కా."

"మరి ఫోటోలో లేనని నాకెందుకు చెప్పావు?"

"మీరే చెప్తారేమో అనుకున్నా. ఒక్క సారీ అంటారేమో అని. మీరేమో వాళ్ళ సంగతి తేలుస్తానన్నారు."

సారీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె అంతా ఓపిగ్గా విని, "పర్లేదక్కా, జాగ్రత్తగా డ్రైవ్ చేయండి" అంది.

సోమవారం డాలస్‌కు యస్ చెప్పింది.