మునిలక్ష్మి వేసుకున్న ఇన్సులిన్ ఎటు పోయింది?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. తిరుపతిలో అలిపిరి దారిలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో, షుగరున్న గర్భిణుల ఓపీలో నర్సుగా ఉన్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో గొప్పగా చెప్పుకునేవి నాకు తక్కువే. ఇది మాత్రం ఎవరూ అడక్కపోయినా చెబుతాను.

మునిలక్ష్మిది సత్యవేడు దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ షుగరు, రోజూ ఇన్సులిన్. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి ఆరో నెలలో అత్తతో మా దగ్గరికి వచ్చేసరికి షుగరు చాలా ఎక్కువగా ఉంది. నెలలు నిండేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. అందుకని డాక్టరమ్మ రెండుసార్లు డోసు పెంచారు. ఫలితం లేదు. తీపి ముట్టడం లేదని ఆ పిల్ల మొదటి నుంచీ చెబుతున్నా, నోరు కట్టుకోమని నేనూ గదమాయించాను.

మూడోసారి వచ్చినప్పుడు అత్త, "దొంగతనంగా తీపి తింటా ఉండాదేమో అడుగు తల్లీ" అంది.

"తిన్లేదక్కా, బిడ్డ మీద ఒట్టు" అని మునిలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి అలా ఒట్టేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. కర్టెన్ చాటుకు తీసుకెళ్లాను.

"సూది యాడ ఏసుకుంటా ఉండావు? సూపీ."

"ముందు కడుపుకేసుకుంటా ఉంటినక్కా. ఇప్పుడు బిడ్డకు గుచ్చుకుంటాదని అత్త వద్దనింది. అందుకే తొడకు. ఈడైతే నొప్పే తెలీదు, దినామూ ఈడే."

తడిమి చూస్తే చర్మం కింద నిమ్మకాయంత గడ్డ! ఒకేచోట పొడిస్తే కొవ్వు అలా గట్టిపడుతుంది. లైపోహైపర్‌ట్రఫీ అంటారు. అక్కడ వేసిన ఇన్సులిన్ రక్తంలోకి సరిగా చేరదు. పరుగున వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. పెంచిన డోసే కొత్త చోట వేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి, ఆవిడ డోసు బాగా తగ్గించి వార్డులో ఉంచారు.

ఇక మిగిలింది అత్త. ఇన్సులిన్ పెన్ను సూది చూపించి, "ఇది బియ్యపు గింజంత కూడా లేదు పెద్దమ్మా, బిడ్డ దాకా యాడ పోతాది?" అన్నాను.

ఆమె దాన్ని తన వేలి గోటి పక్కన పెట్టి కొలుచుకుంది. "ముందు బిడ్డ పోయినప్పటి నుంచి అన్నిటికీ బయ్యమే తల్లీ" అంది. కోడలి కడుపు మీద, బొడ్డుకు దూరంగా, రోజుకో చోట సూది వేయడం ఆమే నేర్చుకుంది.

షుగరు దిగింది. నెలలు నిండేకొద్దీ డోసు మళ్లీ పెంచాల్సి వచ్చినా, ఈసారి షుగరు చెప్పిన మాట వింది. ఆపరేషన్‌తో పాప పుట్టి, గది అదిరేలా ఏడ్చింది. ఆ పూటే తల్లి ఇన్సులిన్ సగానికి తగ్గించాం. మాయ బయటికొచ్చాక అంత అవసరం ఉండదు.

అప్పటి నుంచి షుగరు దిగని గర్భిణి ఎవరొచ్చినా, ఏం తిన్నావని అడగడానికి ముందు సూది వేసుకునే చోటు తడిమి చూస్తాను. అలా ఇంకొందరిలోనూ గడ్డలు పట్టుకున్నాను. అందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ మునిలక్ష్మి మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది. ఆమె మాట నేను మూడోసారికి గానీ నమ్మలేదు.