ప్రయాణికుల పేర్లలో మా చిన్నాయన

మా పుంగనూరు చర్చికి ఈమధ్య రంగులు వేయించారు. ఏ రంగు బాగుంటుందో ఇంటింటికీ తిరిగి అడిగారు, నన్ను మాత్రం అడగలేదు. నాకిది కొత్త కాదు. చర్చి వార్షికోత్సవానికి తీసిన ఫోటోలో నన్ను స్తంభం వెనక నిలబెట్టారు. పోయిన కోతపండగ విందులో అందరికీ మంచి కుర్చీలు వేసి నాకు కాలు ఊగే కుర్చీ వేశారు. ఇక నేను రాసిన ఉత్తరాల సంగతంటారా, ఐదుగురు అయ్యగార్లు మారారు గానీ ఒక్క జవాబు రాలేదు. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. రంగు సంగతి వదిలేస్తాను, అది వాళ్లిష్టం. కానీ రంగు వేసే ముందు గోడలో ఉన్న నల్లరాతి పలకను ఫినాయిలుతో కడిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మా సంఘంవాళ్ల పేర్లు చెక్కిన పలక అది. ఆదివారం పొద్దున గడప దాటగానే ఆ వాసన ముక్కుకు తగిలింది, ఒక్క క్షణం నేను ఆరేళ్ల పిల్లవాణ్నయ్యాను. కళ్లు తుడుచుకుని పలక చూశాను. పేర్లు నాలుగే ఉన్నాయి. మా చిన్నాయన పేరు ఇప్పటికీ లేదు.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు, దేవసహాయం. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టే డ్రెస్సరు. శనివారం సాయంత్రం బొగ్గు బస్సులో ఇంటికి వచ్చేవాడు. పెట్రోలు దొరకని యుద్ధకాలం గనుక బస్సు వెనక పొడుగాటి డబ్బా ఒకటి బిగించి, అందులో బొగ్గులు మండించి ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. ఎత్తు ఎక్కలేక బస్సు ఆగిన చోటల్లా జనం దిగి తోసేవాళ్లు, ఆ తోసేవాళ్లలో చిన్నాయన ఎప్పుడూ ముందుండేవాడు, అందుకే దిగేసరికి ఆయన మొహం మసిబారి పళ్లు మాత్రం తెల్లగా కనిపించేవి. నేను పరుగెత్తి నడుము పట్టుకుంటే పైపైన పొగ వాసన, చొక్కా లోపలినుంచి ఫినాయిలు వాసన. సంచిలో వర్షాకాలం పోతూ పోతూ మిగిల్చిన సీతాఫలాలు, ఖాళీ టించరు సీసాలు నాలుగైదు ఉండేవి. ఆ సీసాల్లో నేనూ మా వీధి పిల్లలూ నేరేడుపండ్ల రసం పోసుకుని డాక్టరాట ఆడుకునేవాళ్లం. బిళ్లంగోడు తగిలి నుదురు చిట్లినవాడు నిజమైన రోగి, మిగతావాళ్లు ఊరికే మూలిగే రోగులు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి అరుగే ఆసుపత్రి. చుట్టుపక్కల పల్లెల రైతులు కాళ్లకు పచ్చి ఆకులు నలిపి కట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. చిన్నాయన తల్లి, మా అవ్వ, పాత చీరలు చింపి ఉడకబెట్టి ఎండేసి ఇస్తే, ఆ పేలికలను మోకాలి మీద పెట్టి అరచేత్తో దొర్లిస్తూ బిగువుగా చుట్టడం చిన్నాయన నాకు నేర్పాడు. చుట్ట వదులైతే నెత్తిమీద మొట్టికాయ, బిగువుగా వస్తే బెల్లంముక్క. చౌడేపల్లె నుంచి ఒక రైతు నాగలికర్రు దిగిన పాదంతో వచ్చాడు. చిన్నాయన ఆ కాలు ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఏమప్పా, ఈ కాలు నీదేనా, నీ ఎద్దుదా? తోలు ఇంత మందముండాది!” అన్నాడు. టించరు మంటకు పళ్లు బిగబట్టిన రైతు, “నీ కట్టు జారిందంటే సూడు, ఆ ఎద్దునే తోలకచ్చి నీ వాకిట్లో కట్టేస్తా” అన్నాడు. కట్టు జారలేదు. నెల తిరిగాక ఆ రైతు చిక్కుడులాంటి అనపకాయలు గంపెడు తెచ్చి అరుగుమీద గుమ్మరించి పోయాడు.

చలికాలంలో మా ఇంట్లో అనపకాయల ముచ్చట వేరు. కాయలు వొలిచిన చేతులకు అంటుకునే ఆ జిగట వాసన రెండ్రోజులైనా వదిలేది కాదు. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే రెండు వేళ్లమధ్య పితికితే పొట్టు ఊడి పప్పు టుపుక్కున గిన్నెలో పడేది. ఆ పితికిపప్పు కూరలో వేడి రాగిసంగటి ముద్ద అద్దుకుని తింటూ ఉంటే ముక్కు కారేది, కళ్లు కారేవి, అయినా ఇంకో ముద్ద పెట్టమని చెయ్యి చాచేవాళ్లం. చిన్నాయన పితికితే పప్పు గిన్నెలో కాక నా మొహాన పడేది. అవ్వ కసురుకునేది గానీ, ఆ కసురులో నవ్వు దాగేది కాదు.

అట్లాంటి ఒక చలికాలంలోనే ఆయన బెంగళూరు పోయి పటాలంలో చేరాడు. గాయపడ్డ సిపాయిలకు కట్లు కట్టేవాళ్లు కావాలని ఆసుపత్రికి కబురొచ్చిందట. శిక్షణ అయ్యాక సెలవుమీద వచ్చాడు, చొక్కా చేతికి ఎర్ర సిలువ గుర్తు. తిరిగి వెళ్లేటప్పుడు అవ్వ పుట్టినూరు కుప్పంలో రెండ్రోజులుండి అక్కడే రైలెక్కుతానన్నాడు. అందరం వెంకటగిరికోట మీదుగా వెళ్లాం. కుప్పం స్టేషనులో అవ్వ దారిలో తినడానికి నిప్పట్ల మూట ఆయన చేతిలో పెట్టి అడిగింది: “నిజం సెప్పు నాయనా, నీకు తుపాకి ఇచ్చినారా?”

“తుపాకి యాడిదమ్మా, కత్తెర ఇచ్చినారు.”

“కత్తెరేనా? అయితే భయమేముండాది, పోయిరా” అని అవ్వ ఊపిరి పీల్చుకుంది. రైలు కదిలాక ఆయన కిటికీలోంచి నాకు ఒక కట్టుగుడ్డ చుట్ట విసిరాడు. అది ప్లాట్‌ఫారం మీద దొర్లింది గానీ విడిపోలేదు.

ఇక్కడ మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. ఊరు దాటి దూరం పోయినవాళ్ల పేర్లు వాళ్ల ఇంటివాళ్లు శనివారం అయ్యగారికి చెబితే, ఆదివారం ఆయన ఆ పేర్లు చదివి ప్రార్థన చేసేవారు. పోయినవాళ్లు తిరిగొచ్చిన వారం “ఫలానావారు క్షేమంగా చేరారు” అని అందరిముందూ చెప్పి, అప్పుడే పుస్తకంలో పేరు కొట్టేసేవారు. ఆ మాట చెప్పకుండా ఎవరి పేరూ కొట్టేయకూడదు. అవ్వ కుప్పం నుంచి వచ్చిన వారమే చిన్నాయన పేరు రాయించింది.

రెండేళ్లకు తంతి వచ్చింది. నాయన చదివి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తరువాత చిన్నాయనతో పనిచేసిన వెంకటగిరికోట మనిషి ఒకాయన వచ్చి వివరం చెప్పాడు. బర్మా సరిహద్దు అడవిలో జ్వరంతో పడున్న సిపాయిల డేరాలో పనికి ఎవరూ ముందుకు రాకపోతే ఈయన వెళ్లాడట, పదకొండు రోజులు వాళ్లకు నీళ్లు పట్టించి, ఒళ్లు తుడిచి, చివరికి అదే జ్వరంతో పోయాడట. అవ్వ ఆ వచ్చినాయనకు సంగటి పెట్టింది, అంతా వింది, తంతి కాగితం మడిచి రాగుల కుండలో అడుగున పెట్టింది. శనివారం ఎప్పట్లాగే కొంగు కప్పుకుని అయ్యగారి ఇంటికి పోయి చిన్నాయన పేరు చెప్పింది. “దూరం పోయినోడు, ఆలస్యమవతాది” అంది. అప్పటి అయ్యగారు మెత్తని మనిషి. ఆమె మొహం చూసి రాసుకున్నారు. ఆదివారం చదివారు. సంఘమంతా తల వంచుకుని ఆమేన్ అంది.

యుద్ధం ముగిశాక రాతిపలక పెట్టాలనుకున్నారు. నాకప్పుడు పదేళ్లు. సంఘపెద్ద పేర్ల పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాయన మదనపల్లె పోయాడు. అవ్వ వాకిట్లో పప్పు పితుకుతోంది. ఆమెను అడిగే ధైర్యం లేక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, “ఏం నాయనా, పోయినోళ్ల పేర్లు రాతిమింద కొట్టిస్తాండాము. మీ సిన్నాయన పేరు ఏం జెయ్యమంటారు మీవోళ్లు?” అన్నాడు, గొంతు తగ్గించి. అయినా అవ్వకు వినబడింది. ఆమె తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం ఆగిపోయాయి. గిన్నెలో టుపుక్కుమనే చప్పుడు ఆగిపోయింది.

“యాల కొట్టించాల? మా సిన్నాయన వస్తాండాడు. మొన్న ఆదివారం గూడా అయ్యగారు సదివినారు కదా!” అన్నాను.

పెద్దాయన పుస్తకం తిరగేసి ఆ పేరు చూసుకున్నాడు. “అదీ నిజమే. ప్రయాణంలో ఉండాడని ప్రార్థన జేస్తా ఉండి, పోయినాడని రాతిమింద యెట్లా కొట్టేది?” అని పుస్తకం మూసి వెళ్లిపోయాడు. అవ్వ వేళ్లు మళ్లీ కదిలాయి. ఆ పూట నా సంగటిలో నెయ్యి అందరికన్నా ఎక్కువ పడింది. దానికి నేను చాలారోజులు మురిసిపోయాను.

అవును, ఆ మాట అన్నది నేనే. ఎప్పుడూ దాచలేదు, రాసిన ప్రతి ఉత్తరంలోనూ మొదటి వాక్యం అదే. కానీ పదేళ్ల పిల్లవాడి మాట విని పుస్తకం మూసేసిన పెద్దవాళ్లు, అదే పిల్లవాడు మీసాలొచ్చి, అవి నెరిసి, తప్పు దిద్దండయ్యా అంటే ఎందుకు వినరు? అవ్వ పోయిన వారమే చిన్నాయన పేరు చదవడం మానేశారు. చేరాడని చెప్పలేదు, పోయాడనీ చెప్పలేదు. ఒక కమిటీవాళ్లు తంతి చూపమన్నారు. కుండలో చూస్తే కాగితాన్ని పురుగులు జల్లెడ చేసి పెట్టాయి. ఇంకొకాయన కాఫీ తాగుతూ, “గుండు తగిలి పోలేదు గదప్పా, జొరమొచ్చి పోయినాడు” అన్నాడు. ఆ కాఫీ మా ఇంటిదే. ఆ మనిషికి తరువాత మా ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టలేదు.

ఇప్పుడు బొగ్గు బస్సు లేదు. అనపచేలున్న చోట టమోటా తోటలు, వాటి పక్కన ఇళ్ల ప్లాట్లు. మా అరుగు రోడ్డు కింద పోయింది. పితికిపప్పు పొట్టు తీసి సంచుల్లో అమ్ముతున్నారు, చేతికి వాసన అంటదు. పిల్లలు వారం వారం బెంగళూరు పోయి వస్తున్నారు, పేరు రాయించేవాళ్లూ లేరు, చదివేవాళ్లూ లేరు. ఆ పాత పుస్తకం మాత్రం చర్చి బీరువాలో ఉంది, నేను చూశాను. చివరి పుటలో దేవసహాయం అన్న పేరు కొట్టేయకుండా అట్లాగే ఉంది.

కమిటీవారికి ఇది నా ఆఖరి ఉత్తరం అనుకోండి, లేదా మొదటిది అనుకోండి. రాతిపలక మీద అడుగున జానెడు చోటు ఉంది, నేను కొలిచాను. అక్కడ పేరు చెక్కిస్తారా, సంతోషం. కుదరదంటారా, ఒక ఆదివారం ఆ పుస్తకం తెరిచి, అందరిముందూ చెప్పాల్సిన ఆ మాట చెప్పి, పేరు కొట్టేయండి. రెండూ చేయకపోతే మీ లెక్కన మా చిన్నాయన ఇంకా దారిలోనే ఉన్నాడు. యాడిదాకా వచ్చినాడో మీరే చెప్పండి. నేను ముందువరసలోనే కూర్చుని వింటాను.