చేతులు కదపకూడని అరగంట

సూదుల సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ఆదోని పత్తి యార్డులో మూటల మధ్య ఉన్నాను. పొద్దున టీ తాగుతూ కూర్చున్న చోటే వాలిపోయారట. ఫోను జేబులో పెట్టుకుంటుంటే హమాలీ ఒకడు అడిగాడు, ఎవరు పోయినారు అయ్యగారూ అని. అతను ఆదివారం నా ప్రసంగం వినేవాడే. "ఎవరో, తెలిసినాయన" అన్నాను. ప్రియులారా, ఆ మాట అన్న నోటితోనే ఇంతకాలం మీకు సత్యం బోధించాను.

నన్ను ఎరగనివారికి చెబుతున్నాను. నేను ఏ వేదాంత కళాశాల గడపా తొక్కినవాణ్ణి కాను. యార్డులో కాటా రాసే గుమాస్తాను. ఏడో తరగతి చదువుతో గ్రంథాన్ని కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ గ్రంథం చంకలో లేకుండా వీధిలోకి రాను. మైకు పట్టుకుంటే రెండు వీధుల అవతలికి వినబడతాను. మూడేళ్ల కిందట ఒక కూటంలో అట్లా వినబడుతూనే అన్నాను, దిగులు రోగం కాదు, అవిశ్వాసం అని. మాత్రల్లో సంతోషం ఉంటే మందుల షాపే మందిరమయ్యేది అన్నాను. మనసు చినిగితే సూదులతో కుట్టుకోవడానికి అదేమన్నా చొక్కానా అన్నాను. జనం నవ్వారు. ఆమేన్ అన్నారు.

ఆ ఏడే ఆ దిగులు నా ఇంటికి వచ్చింది. మైకు పట్టుకుంటే గొంతు వచ్చేది, దించితే పోయేది. స్నానానికి పోయి చెంబు పట్టుకుని, నీళ్లు పోసుకోకుండా గంటసేపు కూర్చునేవాణ్ణి. ఒక ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద పడుకుని, ఇంక చాలు, నా ప్రాణం తీసుకో అని మొరపెట్టిన సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ చెట్టు నీడ ఎంత ఇరుకో అప్పుడు తెలిసింది. బయటికి రావడానికి దారి లేదు. ఉన్న ఒక్క దారినీ నేనే మైకులో మూసేశాను.

నా భార్యే తెగించింది. ఆదోనిలో చూపించుకుంటే అందరికీ తెలుస్తుందని, యెమ్మిగనూరులో మనల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరని బస్సెక్కించింది.

సారుది మగ్గాల వీధిలో ఒక గది. పక్కింటి మగ్గం చప్పుడు గోడలోంచి వినబడుతుండేది. మూడు మంచాలు, మధ్యలో గుడ్డ తెరలు. సారు బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఆయన భార్య దిగులుతో నాలుగేళ్లు మంచం దిగలేదట. బళ్లారి డాక్టరు మాత్రలు రాసి, ఆక్యుపంక్చర్ కూడా చేయించి చూడమన్నాడట. ఆమె కోలుకున్నాక ఈయన బెంగళూరు పోయి ఆ పని నేర్చుకొచ్చారు.

తీరా చూస్తే ఆయన ఇల్లు ఆదోనిలోనే. అక్కడుండి ఇక్కడ గది ఏమిటని అడిగాను.

"ఆదోనోళ్లు ఆదోనిలో రారప్పా. యెమ్మిగనూరోళ్లు యెమ్మిగనూర్లో రారు. అందుకే మూడు దినాలు ఈడ ఆదోనోళ్లకు, మూడు దినాలు ఆడ యెమ్మిగనూరోళ్లకు" అన్నారు. ఒకే బస్సులో తిరిగి వచ్చినా మాలో ఎవరినీ పలకరించేవారు కాదు. టికెట్టు చేతిలో పట్టుకుని కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చునేవారు.

మొదటిరోజు అడిగిన మొదటి మాట, తిన్నావా అని. ఉపవాసంలో ఉన్నానని కొంచెం గొప్పగానే చెప్పాను. "ఉపవాసమోళ్లకు సూదెయ్యను. నువ్వు కండ్లు తిరిగి పడితే మీ దేవుడు నన్నడుగుతాడు" అని, ఎదురు హోటలు నుంచి ఉగ్గాని తెప్పించి, నేను తినేదాకా చూస్తూ కూర్చున్నారు. చెట్టు కింద పడుకున్న ప్రవక్త దగ్గరికి వచ్చిన దూత కూడా ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, లేచి తిను అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ వచనం మీద గంటలకొద్దీ అరిచాను గానీ అందులో రొట్టె ఉందని గమనించలేదు.

కర్నూలులో మనసు డాక్టరుకు చూపించుకుని చీటీ తెస్తేనే సూది బయటికి తీసేవారు. "సూది ఎంత పని సేస్తాదో నాకే సరీగా తెలీదప్పా. కొందరికి సేస్తాది, కొందరికి సెయ్యదు. మాత్ర మాత్రం నిలపాకు" అనేవారు. ఇంత తక్కువ చెప్పుకునే వైద్యుణ్ణి నేను చూడలేదు. ఆ చీటీ కోసమే నేను కర్నూలు పోయి వచ్చాను.

వెంట్రుకంత సన్నటి సూదులు. నడినెత్తిన ఒకటి, కనుబొమల మధ్య ఒకటి, మణికట్లకు, పాదాలకు ఒక్కొక్కటి. చీమ కుట్టినంత కూడా ఉండదు. కష్టమంతా ఆ తర్వాతే. అరగంట కదలకూడదు. నావి మాట్లాడే చేతులు, ఆకాశాన్ని చూపించే చేతులు. వాటిని మంచానికి ఆనించి పడుకోవడం నాకు చెరసాలగా ఉండేది. సారు పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేవారు. బాగున్నావా అని కూడా అడిగేవారు కాదు. ఒకసారి మాత్రం నవ్వారు. "ముప్పై ఏండ్లు పిల్లోళ్లను కదలకుండా నిలబెట్టినా. ఇప్పుడు పెద్దోళ్లను కదలకుండా పండబెడతాండా. పిల్లోళ్లే నయం."

కొన్ని వారాలకు చెంబులోని నీళ్లు నెత్తిన పోసుకోగలిగాను. అది సూదుల వల్లనో, మాత్రల వల్లనో, ఆ స్టూలు వల్లనో నాకు తెలియదు. మూడింటికీ వందనాలు.

ఇక ఆ రోజు సంగతి. నాకు సూదులు గుచ్చి సారు తెర అవతలికి పోయారు. అక్కడి నుంచి ఒక గొంతు వినబడింది. మా కూటంలో ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకునే ఒక చెల్లెలి గొంతు అది. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు. మాత్రలు నిలిపేసినానని సారుకు చెబుతోంది. మందుల షాపు మందిరం కాదని మా అయ్యగారు చెప్పినారని చెబుతోంది. బిడ్డ ఏడుస్తుంటే బావి గుర్తొస్తుందని కూడా చెప్పింది.

నా మాటే తెర దాటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సూదులు పీక్కుని లేచి ఉండవచ్చు. రెండు అంగల్లో అటు చేరి ఉండవచ్చు. లేవలేదు. సూదులున్నాయిగా అని నాకు నేనే చెప్పుకున్నాను.

సారు అన్నారు. "మీ అయ్యగారు మంచోడేలేమ్మా. ఆయప్పకు దిగులు వచ్చింటే అట్ల సెప్పడు." మెల్లగా మాట్లాడి, ఆమెను డాక్టరు దగ్గరికి పంపి, మళ్లీ మాత్రలు వేసుకోవడానికి ఒప్పించారు. ఆమె ఒకటే అడిగింది, అయ్యగారికి తెలియకూడదని. ఆయన ముందు నిలబడి పాడుతుంటే దేవుణ్ణి మోసం చేస్తున్నట్టు ఉంటుందని.

ఆమె వెళ్లాక నా సూదులు తీశారు. "ఇంగ కదలొచ్చు" అన్నారు. నేను కదల్లేదు. గడప దగ్గర భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారే అడిగారు. "నా పేరు సెప్పొద్దప్పా. ఆయమ్మకు నీ పేరు సెప్పు."

రెండేళ్లు చెప్పలేదు. మందులు కూడా దేవుడిచ్చినవేనని ఒక ఆదివారం గొంతు తగ్గించి అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆ చెల్లెలు తల వంచుకుని పాట పుస్తకం తిప్పుతూ ఉంది. ఒక్క వాక్యంతో ఆమె బరువు దించగలిగినవాణ్ణి. ఆ ఒక్క వాక్యం తప్ప అన్నీ ప్రసంగించాను.

ఫోను వచ్చిన రోజు మధ్యాహ్నం సారు ఇంటి ముందు షామియానా కింద రెండు ఊళ్ల జనం కూర్చున్నారు. మీకెట్లా పరిచయమని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరూ తెలిసినవాళ్లే. ఎట్లా తెలుసో చెప్పగలిగేవాళ్లు లేరు. నేనూ ఒక దండ వేసి, ఒక మూలన నిలబడ్డాను.

నా భార్య ఆడవాళ్ల వైపు నుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "మన పాటల పిల్ల వచ్చింది. ఏడ్చి ఏడ్చి అంతా సెప్పేసింది. ఈ పొద్దు నుంచి మాత్రలు నిలిపేస్తాదంట. సారును దేవుడు తీస్కపోయినాడంటే, మాత్రలు తప్పని తనకు సూపిన గుర్తంట. నువ్వు సెప్తావా, నేను సెప్పల్లా?"

ఆ చెల్లెలు గోడవారన బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. నన్నూ, నా చేతిలో గ్రంథాన్నీ చూసి కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"ఈ పొద్దు వాక్యం సెప్పాకండి అయ్యగారూ. వినలేను."

"వాక్యం కాదమ్మా. ఆ పొద్దు తెర ఇవతల పండుకున్నింది నేనే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. ముఖంలోకి కోపం వచ్చింది, పోలేదు.

"సూదులు మీకా?"

"నాకే. నడినెత్తిన, మణికట్లకు."

"అంతా ఇన్యారా?"

"అంతా ఇన్యా. లేసి రాలేదు."

సారును పడుకోబెట్టిన వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మాత్రలు గూడానా?"

నేను గ్రంథం తెరిచాను. నడిమి పుటల్లో, నా భార్యకు తప్ప ఎవరికీ తెలియకుండా దాచుకుంటున్న మాత్రల పట్టీ ఉంది. సగం ఖాళీ. తీసి ఆమె చేతిలో పెట్టాను. అది ఉన్న చోట కాగితం మీద వరసగా గుండ్రటి గుంటలు పడి ఉన్నాయి. చంకలోని బిడ్డ వంగి, వాటి మీద వేలు పెట్టి చూసింది.