రేసు కారుకు బంతిపూల దండ

నడుమెత్తు కూడా లేని కారు అది. డెబ్భైల మొదట్లో, బోరబండలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని నేనూ మేస్త్రీ కలిసి చేశాం. నేను కోస్తా నుంచి వచ్చి సర్కారు కర్మాగారంలో ఇంజనీరుగా చేరినవాణ్ణి. ఆయన కొత్తగూడ మనిషి, సొట్టపోయిన బండ్లకు రేకుపని చేసేవాడు. పగలు ఉద్యోగం, సాయంత్రం షెడ్డు, ఆదివారాలూ షెడ్డే. నాకు పిచ్చి పట్టిందని మా ఇంట్లో తీర్మానించేశారు. పట్టిందనే అనుకోండి, నాకేం.

మామూలు కార్లకు ఇంజిన్ ముందుంటుంది. నేను సీట్ల వెనక పెట్టాను. బరువు నడిమికొస్తే మలుపులో బండి నేలను వదలదు. చెప్పడం తేలికే. వెనక దాక్కున్న ఇంజిన్‌కు గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? కాస్త దూరం పోగానే రేడియేటర్లో నీళ్లు కుతకుతలాడేవి. చివరికి తలుపుల వెనక రెండు పక్కలా చేటంత నోళ్లు కోసి, వాటి లోపల రేడియేటర్లు బిగించాను. మేస్త్రీ ఇసుక సంచి మీద అల్యూమినియం రేకు పరిచి, కొయ్య సుత్తితో కొట్టి కొట్టి ఆ నోళ్లకు వంపు తెచ్చాడు. అప్పటికి గాని ఇంజిన్ దారికి రాలేదు.

మద్రాసులో మోటారు విడిభాగాలు తయారుచేసే పెద్దమనిషి ఒకరు, మన తెలుగాయనే, కారు చూస్తానని కబురు చేశారు. నచ్చితే తన దగ్గర తయారుచేయిస్తారు. నచ్చకపోతే అంతే సంగతులు. షెడ్డు ఖాళీ చేయమని యజమాని అప్పటికే పోరుతున్నాడు, అంతకుముందు నేను వెళ్లి అడిగినవాళ్లంతా నవ్వి పంపేశారు. నా బతుకంతా ఆ ఒక్క ఉదయం మీదే పెట్టుకున్నాను.

నేను ఆయన్ని స్టేషన్ నుంచి తీసుకొచ్చేసరికి కారుకు పూజ అయిపోయింది. మేస్త్రీ భార్య చేసింది. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, అంతవరకు బాగానే ఉంది. దండ ఎవరైనా బండి ముందు కడతారు. నా కారు ముక్కు నున్నగా ఉండి దారం నిలవలేదట. అందుకని లావుపాటి బంతిపూల దండల్ని ఆ రెండు నోళ్లలో కుక్కి, ఊడిపోకుండా గట్టిగా బిగించింది.

"అవి తీసేయాలమ్మా, గాలి ఆడదు" అన్నాను.

"జర ఆగుండ్రి సారూ. శుభమాని బయలెల్లేటప్పుడు దండ తీస్తరా ఎవలన్న?" అంది ఆమె.

వచ్చినాయన చెప్పులు విడిచి కారుకు దండం పెట్టుకున్నారు. "ఉండనివ్వండి. దండ తీస్తే మాత్రం నేనెక్కనండీ" అన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక నేనేం చేయను? బయల్దేరాం.

కొత్తగూడ వైపు రోడ్డు ఖాళీ, అటూ ఇటూ బండరాళ్లే. కారు ఎంత బాగా పోయిందని. మలుపుల్లో నేలకు అతుక్కుపోయింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతూ "ఇంకాస్త, ఇంకాస్త" అంటున్నారు. నా చూపంతా వేడి చూపించే ముల్లు మీదే ఉంది. అది ఎర్ర గీత వైపు పాకుతోంది. "ఒక్క నిమిషం ఆపుదామండీ" అని బతిమాలాను. "భలేవారే, ఇప్పుడా?" అన్నారు. ఆయన మాట వినకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. అప్పటికే ఆలస్యమైంది. వెనక కీచుమని, ఇంజిన్ పట్టేసి బండి ఆగిపోయింది.

ఆయన దిగారు. దండలోంచి కమిలిన పువ్వొకటి తీసి కళ్లకద్దుకున్నారు. "బండి అందంగా ఉందండీ. ఇంజిన్ వెనక పెట్టడమే తప్పు. మన ఎండలకు పనికిరాదు" అన్నారు. పూల వల్లేనని చెప్పాను. మళ్లీ చెప్పాను. "తప్పు దేవుడి మీదికి నెట్టకండి" అన్నారు. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను. ఆయన అటుగా వచ్చిన లారీ ఎక్కి వెళ్లిపోయారు.

ఎడ్లబండికి కట్టి కారును షెడ్డుకు లాక్కొచ్చాం. మేస్త్రీ ఆ నోళ్లలోకి చెయ్యి పెట్టి, ఉడికిపోయిన పూలను పిడికిళ్లతో బయటికి తీశాడు. ఆ నోళ్లకు వంపు తెచ్చింది ఆయనే, ఇంజిన్ ఎందుకు పోయిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"సారూ, ఆమెకు జెప్పకుండ్రి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇవాళ్టికీ మండుతుంది. కానీ చెప్పలేదు. షెడ్డు ఖాళీ చేసి, కారును కోసి పాత ఇనుము కింద వేసేశాం.

ఆ దసరాకు ఆమె నా స్కూటరుకు దండ కడుతూ, "ఇంజిన్ పోతే పోయింది తీ సారూ. ఆ దినం నేను దండ కట్టకపోతే మీ పానాలే పోతుండె" అంది.

మేస్త్రీ తల దించుకున్నాడు.

"నిజమేనమ్మా, నీ పుణ్యమే" అన్నాను.